కొండెక్కినవారికే మందు

వైద్యుడా, మంచం దిగలేని ముసలివాళ్లను ఒక్కనాడైనా వెళ్లి చూశావా? నీ గడపకు రాలేదు కాబట్టి బాగున్నారనుకున్నావు. విను.

ఒక ఎలుగు కొండ మీద కూర్చుని ముసలి జంతువులకు ఆకుమందు ఇచ్చేది. మూడోసారి ఎగిరొచ్చిన కాకి అలసటగా అడిగింది.

"మామా, మడుగులో తాబేలు తాతకు ఊపిరాడటం లేదు. రెండాకులియ్యి, పట్టుకెళ్తాను."

"తనే ఎక్కి రావాలి. అదే వయసు దుప్పి రోజూ రావటం లేదా?"

"దుప్పి తాత ఇక్కడే పచ్చిక మేసి పెరిగాడు. ఈయన జన్మంతా మడుగులో కుళ్లు తిని నీళ్లు శుభ్రం చేశాడు. ఇక సత్తువ ఎక్కడిది మామా?"

"రాలేదంటే అంత రోగం లేదన్నమాట. పో."

తాబేలు ఆ వారమే చచ్చిపోయింది. కుళ్లు తినేవారు లేక మడుగు పాడైంది. ఆ నీళ్లే తాగే ఎలుగు కన్నతల్లి జబ్బుతో పడిపోయింది. ఎలుగు ఆకులన్నీ నూరి పోసినా ఆమె బతకలేదు.