తోడల్లుడి కత్తెర

అయస్కాంతం డాక్టరుగారి పోస్టులను మాయం చేస్తున్నది స్వయానా ఆయన తోడల్లుడేనని పేటంతటికీ తెలుసు. ఎలా తెలుసని ఎవరూ ఎవరినీ అడగలేదు. జనమంతా తమ రాతలు పెట్టుకునే ఆ కంపెనీలో, ఏ రాత ఉండాలో ఏది పోవాలో చూసే విభాగంలో అతను పనిచేస్తాడు. పైగా తోడల్లుడు. ఇంతకన్నా రుజువేం కావాలి?

అందుకే ఆదివారం ఉదయం అతని గేటు ముందు డాక్టరుగారి వెంట ఆయన వందలాది శిష్యుల అయస్కాంత ఆరోగ్యసేన బారులు తీరింది. కొందరి చేతుల్లో కర్రలు, అందరి చేతుల్లో ఫోన్లు.

డాక్టరుగారు నిజానికి కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే దుకాణం యజమాని. ఒకప్పుడు రెండు మోకాళ్లూ నొప్పి పెడితే ఒకదానికి అయస్కాంతం కట్టుకున్నారు. కొన్నాళ్లకు రెండూ తగ్గాయి. కట్టని మోకాలి సాక్ష్యం ఎవరూ తీసుకోలేదు. అప్పటినుంచి మధుమేహం మొదలు మతిమరుపు దాకా ఆయన రాయని చికిత్స లేదు. రాసిన కాసేపటికి మాయం కాని రాతా లేదు.

"బయటికి రారా కత్తెరా!" సేన దళపతి గేటును కర్రతో బాదాడు. అతను మాజీ బస్సు కండక్టరు. మనిషి రిటైరయ్యాడు గానీ గొంతు ఇంకా ఉద్యోగంలోనే ఉంది.

తలుపు తీసింది తోడల్లుడి భార్య.

"ఏంటి బావగారూ ఇది? పొద్దున్నే పెళ్లికొచ్చినట్టు ఇంతమందిని వేసుకొచ్చారు! పాప హడలిపోయి మంచం కింద దూరింది."

"నీమీద మాకేం కోపం లేదమ్మా. మీ ఆయన్ని పంపు. సత్యం గొంతు నొక్కేవాణ్ణి కళ్లారా చూడాలని మావాళ్ల కోరిక."

"చూసి ఏం చేస్తారట?"

"అది వాళ్లిష్టం. జనావేశం నా చేతుల్లో లేదు."

"ఏమండీ, కర్రలు వద్దన్నానా లేదా?" వెనకనుంచి డాక్టరుగారి భార్య అంది. తలుపు తీసింది ఆమె సొంత చెల్లెలు మరి.

"శాంతి కోసమే తెచ్చారు. నువ్వూరుకో."

ఇంతలో తోడల్లుడు భార్యను పక్కకు జరిపి మెట్లు దిగాడు.

"అన్నయ్యా, మీ పోస్టు నేనొక్కటి కూడా తియ్యలేదు. దేనిమీదైనా ఒక్కసారిగా వందలమంది ఫిర్యాదు చేస్తే యంత్రమే దాన్ని పక్కన పడేస్తుంది. నా దాకా రానే రాదు."

"వందలమందా? ఎవరా శత్రువులు? పేర్లు చెప్పు!"

"పేర్లు మాకూ కనపడవు."

"మందుల కంపెనీలవాళ్లే! వీడికి కారు కూడా కొనిచ్చారట!" అన్నారు గుంపులో ఎవరో.

"కారేదీ? పాత స్కూటరు మీదేగా తిరుగుతాడు?"

"అదే మరి! దాచిపెట్టాడు!"

కారు కనిపించకపోవడం కన్నా బలమైన సాక్ష్యం దొరకనందువల్ల ఒక ఇటుక లేచింది. కిటికీ అద్దం భళ్లున పగిలింది. అప్పటికే గేటు దాటి ఆ పక్కనే నిలబడ్డ డాక్టరుగారి అరచేతిలో గాజు పెంకు దిగింది.

"గురువుగారూ, అయస్కాంతం పెట్టమంటారా?"

"గాజుకి అయస్కాంతమేంట్రా వెధవా! దూదీ, టించరూ పట్రండి!"

అవి తెచ్చింది తోడల్లుడే. పెంకు తీసి, కట్టు కడుతూ అన్నాడు.

"అన్నయ్యా, ఒక పరీక్ష చేద్దాం. నా ఫోనూ, లాప్‌టాపూ వదిన చేతికిస్తాను. నా చేతులు మీవాళ్లను పట్టుకోమనండి. మీరిప్పుడే ఒక పోస్టు పెట్టండి. నిలిచిందా, నేనే దోషిని, మీ ఇష్టం. పోయిందా, తీసేది నేను కాదని తేలుతుంది."

ఆ తర్కానికి సేన కొంత తడబడింది. తేరుకుని అతని చేతులు వెనక్కి విరిచి పట్టుకుంది. డాక్టరుగారు కట్టు లేని చేత్తో టైపు చేశారు: అయస్కాంత జలంతో పిప్పిపన్ను మాయం.

వెంటనే తలలన్నీ ఫోన్ల మీదికి వంగాయి. గురువుగారి పోస్టు రాగానే 'వేలిసేవ' చేయడం ప్రతి సభ్యుడికీ మొదటి కర్తవ్యం. తోడల్లుణ్ణి పట్టుకున్న ఇద్దరూ కూడా తలా ఒక చేత్తో అతన్ని అదిమిపట్టి, రెండో చేత్తో సేవ ముగించారు.

"ఉంది... ఉంది..." అంటూ చూస్తున్న దళపతి గొంతు ఉన్నట్టుండి మారింది. "పోయింది!"

తోడల్లుడు ఊపిరి పీల్చుకున్నాడు. తొందరపడ్డాడు.

"చూశారా గురువుగారూ! చేతులు పట్టుకున్నా తీశాడు. లోపల వీడికి పెద్ద ముఠాయే ఉంది!" దళపతి కర్ర ఎత్తాడు.

"ముందు నన్ను కొట్టు!" భార్య మొగుడికి అడ్డం నిలబడింది. "బావగారూ, మీరు చెప్పరా?"

డాక్టరుగారు తన కట్టు వైపు చూసుకున్నారు. 

అక్క మాత్రం గుంపును తోసుకుని వచ్చి దళపతి రెండో చేతిలోని ఫోను లాక్కుంది.

"కాస్త ఆగు నాయనా. ఇందాక అందరూ దీనిమీద టకటకా కొట్టారే, ఏం చేశారు?"

"వేలిసేవమ్మా. పోస్టు దగ్గర ఎన్ని బటన్లుంటే అన్నీ నొక్కాలని గురువుగారి ఆజ్ఞ. ఒక్కటి వదిలినా సేనలో చోటుండదు."

"అన్నీనా?"

"అన్నీ! బొటనవేలు, గుండె, బాణం..." అతను ఎవరిదో ఇంకో పోస్టు తెరిచి గర్వంగా చూపించాడు. "ఈ మూడు చుక్కలు నొక్కితే అడుగున ఇదిగో, ఎర్రది ఇంకొకటి వస్తుంది. ఇది చాలామందికి తెలీదమ్మా. మనవాళ్లందరికీ నేనే దగ్గరుండి నేర్పాను."

"దానిమీద ఏం రాసుందో ఎప్పుడైనా చదివావా?"

"ఆజ్ఞ నొక్కమనమ్మా, చదవమని కాదు."

దానిమీద 'ఫిర్యాదు చేయండి' అని ఉంది.