వెనక తలుపు

"ఒకసారి తోసి చూడు వదినా," అన్నాడు ఫిట్టర్ చేతులు తుడుచుకుంటూ.

కుట్టుమిషన్ల హాలు వెనక తలుపుకు అడ్డంగా అతను అప్పుడే బిగించిన, నెడితే తలుపు తెరుచుకునే కడ్డీని ఆమె నడుముతో నెట్టింది. రెండు చేతుల నిండా చొక్కాలున్నా తలుపు ఇట్టే తెరుచుకుంది.

"మా మరిది చేతి పని," అంది తోటివాళ్లతో. "ఇంట్లో మేకు కొట్టమంటే మాత్రం నడుంనొప్పి వస్తుంది."

అందరూ నవ్వారు. అతను నవ్వలేకపోయాడు. తలుపుకు బయటివైపు పాత గడియ అలాగే ఉంది. రాత్రి షిఫ్టులో బట్టలు పోతున్నాయి, గడియ ఉంచమని మేనేజరు అడిగితే సరేనన్నాడు. అది వేశాక లోపల ఎవరెంత నెట్టినా ఆ తలుపు రాదు.

"ఈ వారం నుంచి నాదీ రాత్రి షిఫ్టే," అంది వదిన. "నా మిషను ఈ తలుపు పక్కకే మార్పించుకున్నాను. నిప్పంటుకుంటే ఈ కుంటికాలితో ముందు గుమ్మం దాకా పోలేను కదా. నువ్వు బిగించావు, ఇక బెంగలేదు."

అతను బయటికి వెళ్లి గడియ స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

మేనేజరు పరుగున వచ్చాడు. "అదేంటయ్యా? పక్క గోడౌనులో ఇలాంటి గడియే ఉంచావుగా. అక్కడ లేని పట్టింపు ఇక్కడెందుకు?"

'అక్కడ మా వదిన లేదు కదండీ' అనబోయాడు. నోటిదాకా వచ్చిన ఆ మాటకు తనకే తల వంగిపోయింది.

"అక్కడికీ వెళ్తానండీ," అన్నాడు మెల్లగా.