రణధీర చాయ్ తాగిన ఆదివారం

పొద్దున్నే నడుముకు కత్తి కట్టుకుని వచ్చి, ఎంకమ్మ చాయ్ కొట్టు ముందు బెంచీ మీద కూర్చుంది పావని.

ధరూర్ రోడ్డు మీద పోయే షేర్ ఆటోలు అక్కడికి రాగానే నెమ్మదిస్తున్నాయి. లోపలివాళ్లు తలలు బయటపెట్టి చూస్తున్నారు. చూడరా మరి? ఎర్ర విగ్గు, భుజాల మీద అట్టముక్కలతో చేసిన కవచం, నుదుటి నుంచి బుగ్గ దాకా నీలిరంగు చార.

"ఏం నాటకం బిడ్డా?" అడిగింది ఎంకమ్మ.

"నాటకం గాదవ్వా. ఫోన్ల ఆడే ఆట. గండ్ల రణధీర అని ఒకామె ఉంటది. గామె యేషం."

"మరి కొట్లాడక బెంచీ మీద కూసున్నవేంది?"

"ఇయ్యాల గామెకు సెలవు."

అసలు సంగతి అదే. ఆటలో రణధీరకు ఎప్పుడూ యుద్ధమే. ఆమె చాయ్ తాగడం, కాళ్లు చాపుకుని ఊరికే కూర్చోవడం ఎవరూ చూడలేదు. పావనికి ఆ ఫొటోలే కావాలి. అందుకే చేతి కవచాలు విప్పి పక్కనున్న సంచి మీద పెట్టేసింది. ఆటలో రణధీర వెనకాలే మైనా అని ఒక నేస్తం తిరుగుతుంటుంది. దెబ్బ తగిలితే ఆకుమందు పూస్తుంది. ఇవాళ ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చాయ్ తాగాలి.

ఇదంతా సరదా కోసమే అయితే ఇంత హైరానా ఉండేది కాదు.

పోయిన నెల గద్వాల అద్దెగదిలో పావనికి జ్వరం వచ్చింది. రెండు రోజులు మంచం దిగలేదు. పక్క గదివాళ్లకు కూడా తెలియలేదు. పుణెలో కట్టుబడి పనికి పోయిన తల్లికి ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది. ఫోన్లోనే శోకాలు పెట్టింది.

"నీళ్లిచ్చే దిక్కు లేని తాన ఎట్లుంటవే? డిగ్రీ వద్దు గిగ్రీ వద్దు. ఈడికొచ్చెయ్."

"దిక్కెందుకు లేదమ్మా? కావ్య లేదా? నా దోస్తు. గామెనే సూసుకుంది."

"ఎన్నడు సూపియ్యకపోతివి?"

"సిగ్గుపడ్తది. ఆదివారం ఇద్దరం యేషాలేస్తం. ఫోటో పంపుత."

"పంపు. ఫోటో రాకుంటే సోమారం మీ నాయిన బస్సెక్కుతడు, నిన్ను తోల్కరానీకి."

డిగ్రీ పూర్తికావడానికి ఇంకో ఏడాది ఉంది. ఇప్పుడు పుణె వెళ్తే మళ్లీ కాలేజీ గడప తొక్కేది లేదని పావనికి తెలుసు. ఇటుకలు మోయడమే.

స్టాండుకు ఫోను బిగించి, టైమరు నొక్కి, పరుగున వచ్చి బెంచీకి ఒక చివర కూర్చుంది. గ్లాసు ఎత్తింది. క్లిక్. పక్కకు తిరిగి ఏదో చెబుతున్నట్టు చేయి ఊపింది. క్లిక్. నవ్వింది. పక్కన మనిషి లేకుండా నవ్వడం మహా కష్టం. నాలుగోసారికి గాని అది నవ్వులా రాలేదు.

ఎంకమ్మ ఊడ్చుకుంటూ స్టాండు దాకా వచ్చింది. పావని కేక పెట్టింది.

"అవ్వా, గది కదిలియ్యకు! నీ కాల్మొక్త!"

"అబ్బో, ముట్టుకుంటే కరుగుతదా?" మూతి తిప్పింది ఎంకమ్మ. "నీ దోస్తు ఇంక రాకపాయె?"

"వస్తది. మబ్బు పట్టకముందే రావాలె."

జూరాల డ్యాం వైపు ఆకాశం నల్లబడుతోంది. ఎండ మారిందంటే ఫొటో పాడైనట్టే. పావని మాటిమాటికీ పైకి చూస్తోంది.

ఎంకమ్మ బిందె చంకన పెట్టుకుంది. "బోరుకాడికి పోయొస్త, లైనుంటది, ఆలస్యమైతది. కొట్టు జర సూస్తుండు బిడ్డా."

ఆమె నీళ్లతో తిరిగి వచ్చేసరికి బెంచీ రెండో చివర మైనా కూర్చుని ఉంది. నల్లటి రెండు జడలు, ఆకుపచ్చ అంగీ, ముఖమంతా పసుపు చుక్కలు.

"అమ్మయ్య, వచ్చినవా! పొద్దుగాల్నుంచి నీకోసమే పరేషాన్ అయితుంది గా పిల్ల. యాడికి వోయింది?"

మైనా కొట్టు వెనక్కి చేయి చూపింది.

ఎంకమ్మ సంబరంగా చాయ్ పోసి ఇచ్చింది. "దోస్తులంటే గిట్లుండాలె. సల్లగుండుండ్రి." ఆ మాట అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

మైనా గ్లాసు పట్టుకుని పక్కకు తిరిగింది. నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గాని నవ్వు ఆపలేదు. క్లిక్.

మబ్బు కమ్మేలోగా పని అయిపోయింది.

మధ్యాహ్నం గదికి చేరి, ఫోన్లో ఫొటోను చక్కగా సరిచేసింది పావని. ఎంత బాగా వచ్చిందో! రణధీర ఏదో కబురు చెబుతోంది. మైనా పడీపడీ నవ్వుతోంది. ఆ ఇద్దరినీ చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. వాళ్లంటే కాస్త అసూయ కూడా పుట్టింది.

అమ్మకు పంపింది. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. ఫోను మాత్రం మోగలేదు. అన్నం వండుకుంది, తినబుద్ధి కాక మూత పెట్టింది. సాయంత్రానికి మోగింది. అవతల ఇటుకలు దించుతున్న చప్పుడు.

"మంచిగున్నరే ఇద్దరు," అంది తల్లి.

"ఇప్పుడన్న నమ్మినవా? నేనీడ ఒక్కదాన్నే లేనమ్మా. నాయినను రావద్దను."

తల్లి ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"అంత మంచిగనే ఉంది గానీ బిడ్డా, చిన్నప్పుడు నీకు కామెర్లైతే నీ ముంజేతి మీద నేను పెట్టిచ్చిన చురక మచ్చ, గా కావ్య ముంజేతి మీదికి ఎట్లొచ్చిందే?"