చివరి పన్నెండు పేజీలు

"ఆకరి పేజీలేవి?" అన్నాడు ఎల్లారావు, చేతిలో ఇంగ్లీషు నవల వెనక అట్ట తెరిచి.

ఆస్పత్రి వార్డులో పక్క మంచం మీదున్న మౌలాలి తల తిప్పలేదు. "నన్నడుగుతావేటి బావా? నాకు ఇంగ్లీషొచ్చా?"

"సదవడానికే సింపుతారేటి? పొద్దున్న పళ్లపొడి దేంట్లో సుట్టేవ్?"

మౌలాలి తలగడ కింద నుంచి పొట్లం తీసి విప్పి చూపించాడు. పాత తెలుగు పేపరు ముక్క. "సూసుకో. పాతికేళ్లు టైలరు పని సేసేను. ఒకళ్ల గుడ్డముక్క ఇంట్లో ఉంచుకోలేదు. నీ కాగితాలు నాకెందుకు?"

ఎల్లారావు దుప్పటి దులిపాడు. మంచం కిందికి వంగి చూశాడు. ఆ పాటి కదలికకే దగ్గు ముంచుకొచ్చింది. భార్య అసిరమ్మ గబగబా గిన్నె పట్టుకుంది. గిన్నెలోని ఎరుపు అతని కంట పడకుండా కొంగు అడ్డం పెట్టింది.

అతను పోర్టులో క్రేను నడిపేవాడు. ఇనుప ఖనిజం ఎక్కించుకోవడానికి వచ్చిన ఓడలో ఎవరో నావికుడు వదిలేసి పోయిన నవల అది. పై దేశాల్లో టెలివిజన్లో వారం వారం వేసిన కథని పుస్తకంగా అచ్చేశారట. విశాఖపట్నంలో అప్పటికింకా టీవీ రాలేదు.

"ఆ పెట్టె మన ఊరొచ్చీసరికి నానుండను. పుస్తకం ముందొచ్చీసింది. అదే నయం," అని మొదటిరోజే నవ్వాడు.

రెండు వారాలుగా ఇంజెక్షన్లు అయ్యాక పదేసి పేజీలు చదవడం, వార్డంతటికీ తెలుగులో చెప్పడం. చుక్కల మధ్య దారి తప్పిన ఓడ. అందులో ఏడుగురు. కెప్టెను ఒక ఆడమనిషి. లోపల గాలి రోజురోజుకీ తరిగిపోతోంది. ఆమె ఇంజను గదిలోకి దిగే చోటు చెబుతూ ఎల్లారావు మంచం మీద లేచి కూచునేవాడు, క్రేను మీటలు పట్టుకున్నట్టు రెండు చేతులూ ఆడించేవాడు. వార్డు ఊడ్చే నూకాలు చీపురు ఆపి వినేది. వినేవాళ్లు ఎంత తొందరపెట్టినా ఆఖరి పేజీ ముందుగా తిప్పి చూసేవాడు కాదు. అలా చూస్తే సినిమా హాల్లోకి వెనక తలుపు గుండా దూరినట్టే అనేవాడు.

"నిన్న భూమి కనబడతన్నాదన్నావు బాబూ," అంది నూకాలు. "గాలేమో రెండు గంటలకే ఉందన్నావు. దిగేరా, లేదా?"

"అదే గదా ఆ పేజీల్లో ఉన్నాది."

"పోనీ నువ్వే ఏదోటి సెప్పీ. సక్కగా దిగిపోయేరని సెప్పీ."

"నాను సెప్పకూడదే నూకాలూ. రాసినోడు సెప్పాల."

ఎల్లారావు గోడకేసి తిరిగి పడుకున్నాడు. కాసేపటికి మళ్లీ ఇటు తిరిగి, పుస్తకం తీసుకుని మొదటి పేజీ తెరిచాడు. "మళ్లీ మొదట్నుంచి సదువుతాను. ఆళ్లు బతికేరో లేదో ఎక్కడో జాడ వదిలీసుంటాడు." రెండు పేజీలు చదివేసరికి నిద్ర పట్టి చెయ్యి వాలిపోయింది. పుస్తకం గుండెల మీదే ఉంది.

మౌలాలి కంచం కడుక్కోవడానికి వరండా చివర కుళాయి దగ్గరికి వెళ్లాడు. అసిరమ్మ అక్కడ గిన్నె తోముతోంది. లేవబోతుంటే ఆమె నడుం దగ్గర దోపుకున్న కాగితాల మడత జారి తడి గచ్చు మీద పడింది. ఇంగ్లీషు అచ్చు.

మౌలాలి చేతిలో కంచం అలాగే ఉండిపోయింది. "నువ్వా సెల్లెమ్మా?"

ఆమె కాగితాలు తీసి ఒక్కొక్కటీ కొంగుతో అద్దుతోంది.

"నామీద నిందేసినాడు. అది పోనీ. బావ ఆటి కోసం ఎలా కొట్టుకుంటన్నాడో సూసేవు కదా. పట్టుకెళ్లి ఇచ్చీ."

"ఇవ్వనన్నా."

"నీకు సదువు రాదు. ఆటితో నీకేటి పని?"

అసిరమ్మ కాగితాలు మడిచి మళ్లీ నడుం దగ్గర దోపుకుంది.

"ఇంకెన్నాళ్లు బాబూ అని డాక్టర్నడిగితే, ఆ పుస్తకం అయ్యేదాకా ఉంటాడమ్మా అన్నాడన్నా."