మైసయ్య గుడిసెకు పోయే గంప

"పొద్దుగాలనే గంప పట్టుకొని మళ్ళ ఎటు?" అన్నాడు ఎల్లస్వామి.

ఎటో ఆయనకు తెలుసు. అయినా రోజూ అడుగుతాడు. ఆయన భార్య కృష్ణమ్మ రోజూ జవాబు చెప్పదు. గంప మీద గుడ్డ సర్దుకొని, చేను గట్టెక్కి, ఆ చివరనున్న మైసయ్య గుడిసె వైపు చకచకా వెళ్ళిపోతుంది. మైసయ్య వాళ్ళ జీతగాడు.

ఊళ్ళో ఎలుకలు రాలిపడ్డాయి. ప్లేగని తేల్చి నిజాం సర్కారు వాళ్ళు ఊరు ఖాళీ చేయించారు. ఎవరి చేలల్లో వాళ్ళు గుడిసెలు వేసుకున్నారు. వారం రోజుల్లో ఇళ్ళకు పంపిస్తామన్నారు కదా అని ఎల్లస్వామి ఒక చిన్న సంచిలో జొన్నలు పట్టుకొని బయలుదేరాడు. మిగతా పంటంతా ఇంటి ముందు పాతరలోనే ఉండిపోయింది. భూమిలో గొయ్యి తవ్వి, గింజలు పోసి, మట్టి కప్పిన పాతర అది. నెత్తిన పెట్టుకొని మోసుకొచ్చేది కాదు. మైసయ్య మాత్రం చాటతో, చీపురుతో సహా ఇల్లంతా ఊడ్చుకొని వచ్చాడు. ఆ సంబడం చూసి ఎల్లస్వామి నవ్వాడు కూడా.

వారమన్నది నెల దాటింది. ఎవరిని అడిగినా ఇంకా కాదంటారు.

ఒకసారి తెగించి ఊరి పొలిమేర దాకా పోయాడు. కాపలా జవాను లాఠీ అడ్డం పెట్టాడు. నా ఇల్లు, నా పాతర, నా జొన్నలు అని ఎంత మొత్తుకున్నా వినలేదు. అడుగు లోపల పెడితే పాలమూరు జైలే అన్నాడు. చేసేది లేక తిరిగొచ్చి ఆ కోపమంతా గుడిసె గుంజ మీద చూపించాడు. గుంజ ఊడింది. దాన్ని మళ్ళీ పాతడానికి మైసయ్యనే పిలవాల్సి వచ్చింది. అదింకో మంట.

ఒక్క విషయంలో ఆయనకు భార్య మీద గౌరవం ఉండేది. ఆ కాసిని గింజలతో ఇన్నాళ్ళు ఇల్లు లాగడమంటే మాటలా? జొన్న గటక పలచగానే కాచేది. కొలిచినట్టు పోసేది. రెండోసారి అడిగితే ఖాళీ కుండ వంచి చూపించేది. ఇంత పొదుపు మనిషి, ఆ గంప దగ్గరికి వచ్చేసరికి అంత ధర్మాత్మురాలు ఎందుకైపోతుందో ఆయనకు అంతుపట్టేది కాదు. ఇక్కడ మొగునికి సగం కడుపు, అక్కడ జీతగాడికి గంపలు!

పైగా పోయేటప్పుడున్న హుషారు వచ్చేటప్పుడు ఉండదు. తల దించుకొని, కాళ్ళీడ్చుకుంటూ వస్తుంది. ఆ గుడిసెలో జానమ్మతో ముచ్చట్లు పెట్టి పెట్టి అలిసిపోతుందని ఆయన లెక్క. జానమ్మ మైసయ్య పెళ్ళాం.

ఆ మైసయ్యకైనా విశ్వాసం ఉందా అంటే, లేదు. ఒకనాడు గట్టు మీద ఎదురై, జర కడుపు నిండుతున్నదా పటేలా అని అడిగాడు. ఎల్లస్వామికి అరికాలి మంట నెత్తికెక్కింది. తన తిండి తింటూ తననే పరామర్శించడమా? పోనీ, అంత తిన్నది వాడి పిల్లలకైనా ఒంటబట్టిందా? రోజురోజుకూ వాళ్ళ డొక్కలు తేలిపోతున్నాయి. పెట్టిందంతా ఎటు పోతున్నదో ఆ దేవుడికే తెలియాలి.

ఇక లాభం లేదనుకొని ఆ రోజు గట్టుకు అడ్డం నిలబడ్డాడు.

"మన ఇంట్ల గింజ పెట్టుడే గని, ఒకని దగ్గర తెచ్చుకునుడు మా తాతల కాలంల సుత లేదు. పెట్టొద్దంట లేను. కని గిప్పుడు మనకే లేకపాయె. రేపు సంచి ఒడిస్తే ఏం జేస్తవ్? ఒకని ముందట చెయ్యి చాపే కంటె నేను గీ చేన్లనే పండి సస్త."

"నువ్వు గట్లంటవనే పోతున్న," అంది కృష్ణమ్మ మెల్లగా.

అదేం మాటో ఆయనకు అర్థం కాలేదు. అడగనూ లేదు.

"ఇయ్యాల్టి సంది ఆ గుడిసె దిక్కు పోతే నా మీద ఒట్టే," అన్నాడు.

కృష్ణమ్మ వెనక్కి తిరిగి, గంపను గుడిసె మూలన బోర్లించింది. ఆ పూటకు, ముందు రాత్రి మిగిలిన గటకలోనే నీళ్ళు కలిపి పోసింది. మాట నెగ్గిన ఊపులో ఎల్లస్వామికి అది కూడా రుచిగానే ఉంది.

మర్నాడు పొయ్యి వెలగలేదు.

అలిగిందనుకున్నాడు. పొద్దెక్కింది. ఎండ గుడిసెలోకి వచ్చింది. కడుపులో పేగులు అరుస్తున్నాయి. కృష్ణమ్మ మాత్రం వాకిట్లో కూర్చొని గట్టు వైపే చూస్తున్నది. ధర్మం చేయొద్దంటే మొగుణ్ణి మాడ్చి చంపుతావా అని కేకలేశాడు. ఆమె కళ్ళు తుడుచుకుందే తప్ప కదల్లేదు.

అంతలో మైసయ్య చంకలో ఏదో మూటతో గట్టు దిగి వచ్చాడు. నాలుగు బారల దూరంలో ఆగాడు. ఎల్లస్వామికి ఒళ్ళు మండిపోయింది. ఒక్క పూట గంప రాకపోతే ఆగలేక, అడుక్కుపోవడానికి మూటగుడ్డతో సహా దిగాడన్నమాట. ఇవాళ వీణ్ణి నాలుగు కడిగి పారేయాలని పైకి లేచాడు.

మైసయ్య వంగి, మూటను జాగ్రత్తగా నేల మీద పెట్టాడు.

"నిన్న పటేలమ్మ జొన్నలకు రాకపాయె గద పటేలా, జరమొచ్చిందేమోనని ఫికరై నేనే తెచ్చిన."