కిటికీ పక్క మంచం

"రౌండ్స్ టైంలో ఈ ముసలాయనెవరు? బయటికి పంపండి!" పెద్ద డాక్టరు గదిమాడు.

సొంత చొక్కా తొడుక్కున్న ఒక ముసలాయన కిటికీ పక్క మంచం అంచున కూర్చుని, కుడిచెయ్యి పడిపోయిన ముసలమ్మకు పాలలో నానిన రొట్టె తినిపిస్తున్నాడు.

ఆమె పళ్ళసెట్టు కడిగి పెట్టిందీ అతనే.

ఆడా మగా కలిసి ఉండే ఆ వార్డులో కంచం కుడిపక్క బల్ల మీద పెడతారు. కాసేపాగి నిండుకంచమే ఎత్తుకుపోతారు. మనుషుల్ని మంచం నంబర్లతో పిలుస్తారు. మొహం చూసే పని ఎవరికీ పడదు.

"రెండు ముద్దలు బాబూ. ఎడంపక్క నుంచి పెడితే తింటుంది. ఆమెనే అడగండి," అన్నాడు ముసలాయన.

డాక్టరు ఆమెను అడగలేదు. సిస్టర్ని అడిగాడు.

మాట కూడదీసుకుని ముసలమ్మ చెబుదామని నోరు తెరిచేసరికి ఆయన తలుపు దాటేశాడు.

గేటు మనిషి వచ్చి ముసలాయన రెక్క పట్టుకున్నాడు. ఆ ముసలి మణికట్టు మీద, సూది గుచ్చినచోట, దూది అంటించి ఉంది. చూస్తే కదా!

"అది కాదు నాయనా, నా మంచం..."

"ఆఁ, మంచం, దిండు, దుప్పటి! అత్తారిల్లనుకున్నావా? నడు."

"నా మాట విను..."

"గేటు బయట చెప్పుకో."

ముసలమ్మ ఎడంచేత్తో మంచం కడ్డీని దబదబా కొట్టింది.

"దీనికి మతి పోయింది," అంటూ ఆయా ఆడే ఆ ఒక్క చేతినీ గుడ్డతో కడ్డీకి కట్టేసింది.

మర్నాడు పొద్దున మళ్ళీ రౌండ్స్.

"ఈ పక్కమంచం ఆయనేడీ?"

"బాత్రూంకెళ్ళుంటాడు సార్."

"ఈవిడ?"

"నిన్నంతా ముద్ద ముట్టలేదు సార్."

"ముక్కులోంచి గొట్టం వేసేయండి."

ఒప్పుకోలుకు కొడుకును పిలిపించారు. వస్తూనే మండిపడ్డాడు.

"గొట్టమెందుకండీ? సాయంత్రం నేనొచ్చేసరికి రోజూ తింటూనే ఉండేది! నిన్నొక్కరోజే రాలేదు. తినిపించే మీ వార్డు మనిషేడీ?"

"మా మనిషా?" సిస్టర్ తెల్లబోయింది. "ఆయన మీ నాన్నగారు కాదూ?"

"మా నాన్న పోయి ఏళ్ళయింది!"

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఇంతమంది ఉన్నారు. మా అమ్మను ఒక్కరైనా అడిగారా?" అరిచాడు కొడుకు.

తనూ అడగలేదు.

సిస్టర్ గబగబా కట్టు విప్పింది. మంచం మీదికి వంగింది.

"అమ్మా, నీకు అన్నం పెట్టే ఆయనెవరు?"

ముసలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"ఇప్పుడా అడగడం?"

కమిలిన ఎడంచేతిని మెల్లగా ఎత్తి పక్కమంచం చూపించింది.

నలగని ఆ పక్క దగ్గర, బల్ల మీద, గేటు బయటికి గెంటించిన పేషెంటు తాలూకు నిన్నటి గుండెమాత్రలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.