చెల్క రాయి

"ఇంకా ఎంత దూరం బిడ్డా?"

"వచ్చినమమ్మా. మెల్లగ."

గౌరవ్వ కొడుకు మోచేయి పట్టుకొని నడుస్తోంది. ఆమె అక్క కూతురు నాగదుర్గ ఆమెను దుబాయ్ కరామాలోని తన ఇంటి నుంచి కారులో తెచ్చి గేటు దగ్గర దింపింది. "చిన్నమ్మ చెయ్యి ఇడువకు తమ్మీ, అంతా ఇసుక" అని, ముఖం పక్కకు తిప్పుకుంది.

ఇన్నేళ్ల తర్వాత మల్లేశ్ తల్లిని చూడటం ఇవాళే. సెలవు దొరికింది ఈ ఒక్క పూటకే. రేపు ఆమె తిరుగు ప్రయాణం.

"ఆ రోడ్డేందిరా, నా నడుము ఇరిగింది."

"వాగు కోసుకపోయిందమ్మా."

"దుబాయ్‌ల సుత వానలు పడ్తయా?"

"పడ్డయి. గట్టిగనే." మల్లేశ్ మాట మార్చాడు. "కండ్ల ఆపరేషన్ అయినంక గూడ నల్లద్దాలేనా?"

"ఎండకు పెట్టుకొమ్మన్నరు. ఆపరేషన్ మంచిగైంది."

"నిజం చెప్పు. కాకుంటే ఖలాస్, వీసా క్యాన్సిల్ చేసుకొని వచ్చేస్త."

"వచ్చి నా నెత్తి మీద కూసుంటవా? నీ పిల్లల సదువులు ఎవలు చూడాలె?" ఆమె కసిరి, నల్లద్దాలు ఇంకాస్త పైకి తోసుకుంది.

కావలివాడు హబీబుల్లా లేచి సలాం చేశాడు. "అమ్మాకో బతాయా?" అని మల్లేశ్‌ను మెల్లగా అడిగాడు. చెప్పలేదన్నట్టు మల్లేశ్ తల ఊపాడు. నెల నుంచి ఆ మాట దాస్తూ వచ్చాడు. ఫోన్లో చెప్పలేకపోయాడు.

ఎప్పుడో పూర్వం క్రైస్తవ సన్యాసులు ఈ ఎడారి నేల మీద రాళ్లేరి కట్టుకున్న ఏసు గుడి అది. కూలిన ముందు గోడను మల్లేశ్ పనిచేసే కూలీల ముఠా మళ్లీ నిలబెట్టింది. ఊరు విడిచేనాడు గౌరవ్వ అతని సంచిలో ఒక ఎర్రరాయి వేసింది, తమ చెల్క దున్నినప్పుడు తేలిన రాయి. మేస్త్రీ చూడకుండా దాన్ని తలుపు పక్కన పొదిగాడు. ఆ తర్వాత ప్రతి ఫోన్లోనూ ఆ గోడ ముచ్చటే. ఆమె ఊరంతా చెప్పుకుంది.

తాడు కట్టిన చోట మల్లేశ్ ఆగాడు. "ఇగ దాటొద్దమ్మా. ఈడికెల్లే చూడాలె."

"ఇదేనా?"

"ఇదే. నువ్వే చూడు." అతను తలెత్తలేకపోయాడు.

గౌరవ్వ చెప్పులు విడిచి చేతులు జోడించింది.

"ఎంత మంచిగ కట్టినవ్ కొడుకా! అగో, తలుపు పక్కన మన చెల్క రాయి. ఎండకు ఎట్ల మెరుస్తుందో! నా కండ్లు సల్లబడ్డయి. ఇగ నా రంది పెట్టుకోకు. ఈడనే పని చేసుకో."

మల్లేశ్ చప్పున ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత ఆమె ముఖం తిరిగిన వైపు చూశాడు. తల్లి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అవునమ్మా. మస్తు మెరుస్తుంది."

తాడు అవతల ఇసుకే ఉంది. నెల కిందటి వానకు వాగు కోసుకుపోయాక అక్కడ గోడే లేదు.